సీటు సంగతి

రొట్టెల దుకాణం మీది గది,
ఫిబ్రవరి 9

మావయ్యా,

నమస్కారాలు, కుశలప్రశ్నలు అన్నీ అయిపోయాయనుకో. నీ సలహా కావాలి. నేను సైకిలు కొనాలి. కొత్తదా, పాతదా? నలభై ఏళ్ళుగా సైకిళ్ళ రిపేరు కొట్టు నడుపుతున్నవాడివి నువ్వుండగా ఇంకొకళ్ళని అడిగితే అత్తయ్య నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. ఫోనే చేసేదాన్ని. చక్రంలో గోళీ అరిగితే వీధి చివర్నుంచి వినపడుతుంది గానీ, ఫోన్లో మనిషి మాట వినపడదు కదా నీకు!

తాళాల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందని అమ్మ చెప్పే ఉంటుంది. నాది పరీక్ష గది. తయారైన ప్రతి తాళాన్నీ పదిసార్లు వెయ్యాలి, పదిసార్లు తియ్యాలి. ఒక్కసారి మొరాయించినా పక్క బుట్టలో పడెయ్యాలి. చిన్నప్పుడు ప్రతిదానికీ వంక పెడతానని నువ్వు నాకు 'పేచీ' అని పేరు పెట్టావు. ఇప్పుడు ఆ పేచీకే జీతం ఇస్తున్నారు.

చిక్కల్లా పనికి వెళ్ళడం దగ్గరే. ఆరు నెలలు చూసి పర్మనెంటు చేస్తారు. ఈలోగా మూడుసార్లు ఆలస్యమైతే ఇంటికే. గేటు దగ్గర ఒకావిడ రిజిస్టరు పెట్టుకుని కూర్చుంటుంది, అందరూ గేటమ్మ అంటారు. ఆరు దాటిందంటే పేరు పక్కన ఎర్ర గీత. మొదటి వారంలోనే దారి తప్పి ఒక గీత తెచ్చుకున్నాను.

మొదటి బస్సు ఆరుంబావుకి. ఫ్యాక్టరీ చుట్టూ గోడౌన్లే తప్ప అద్దెకి గది లేదు. అందుకని రైలు పట్టాల మీద నడక వంతెన ఎక్కి గంటా పది నిమిషాలు నడుస్తున్నాను. జూన్ ఒకటిన ఆ వంతెన పడగొడతారట. ఆ తర్వాత పెద్ద వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి. నడిస్తే రెండు గంటలు, సైకిలు మీద నలభై నిమిషాలు.

ఇన్నాళ్ళూ ఎవరో సెలవు పెడితే వాళ్ళ కుర్చీలో కూర్చున్నదాన్నే. ముప్ఫై ఏడేళ్ళకి నాదంటూ ఒక కుర్చీ దొరికింది మావయ్యా. దాన్ని పోగొట్టుకోలేను. వెంటనే జవాబు రాయి.

నీ
పేచీ

*

ముందుగది (అదే కొట్టు),
ఫిబ్రవరి 17

చిరంజీవి పేచీకి,

మావయ్య దీవెనలు. నీ ఉత్తరం చేత్తో పట్టుకుని వీధి వీధంతా చూపించాను. మా మేనకోడలు సైకిలు కొంటోంది, నా మాట లేనిదే కొనదట అని.

పాతదే కొను. కొత్త సైకిలంటే ముఖపరిచయం లేని మనిషి. నవ్వుతుంది, మెరుస్తుంది, లోపల ఏముందో దేవుడికే తెలియాలి. పాత సైకిలు గుణం ఏమిటో ఎప్పుడో బయటపడిపోయి ఉంటుంది. మంచిదైతే ఇంకో ఇరవై ఏళ్ళు మంచిగానే ఉంటుంది.

ఎలా చూడాలో చెప్తాను, జాగ్రత్తగా చదువు. స్టాండు వెయ్యి. ముందు చక్రం ఒక్క తోపు తొయ్యి. కళ్ళు మూసుకుని విను. గరగరమంటే గోళీలు పోయినట్టు. ఒకే చోట టిక్కుమంటే చక్రం పుల్ల వదులైనట్టు. ఏ శబ్దమూ లేకుండా తిరుగుతూ తిరుగుతూ ఉందనుకో, ఆ సైకిలుకి దణ్ణం పెట్టి ఇంటికి తెచ్చుకో. తొక్కి చూడమంటారు అమ్మేవాళ్ళు. ఆ అవసరమే లేదు. నేను ఇన్నేళ్ళలో ఒక్క సైకిలు కూడా తొక్కి చూడలేదు. బాగుచేసిన బండిని నడిపించుకుంటూ తీసుకెళ్ళి ఇంటి దగ్గర ఇచ్చి వస్తాను. 'పరాయివాళ్ళ బండి ఎక్కడు, అంత నియమం గల మనిషి' అని ఈ వీధిలో నాకు పేరు. నీకూ తెలిసిందేగా.

చూసిన ప్రతి సైకిలు గురించీ రాయి. శబ్దంతో సహా రాయి. ఇక్కడ కూర్చునే రోగం చెప్తాను.

ఆశీస్సులతో,
మావయ్య

*

రొట్టెల దుకాణం మీది గది,
మార్చి 6

మావయ్యా,

రెండు ఆదివారాలు సైకిళ్ళ కోసమే తిరిగాను. నీ పద్ధతికి నా ఫ్యాక్టరీ పద్ధతి కూడా కలిపాను. ప్రతిదీ పదిసార్లు.

ముందు ఊరికే కొత్తవాటి షాపుకి వెళ్ళాను. అద్దాల గోడలు, చల్లగాలి. టై కట్టుకున్నాయన 'ఇరవై ఒక్క గేర్లండీ' అన్నాడు. నాకున్నవి రెండు కాళ్ళేనండీ అన్నాను. ధర చీటీ తిప్పి చూస్తే కళ్ళు తిరిగాయి. ఒక్క రౌండు తొక్కి చూడండి అని బయటికి కూడా తెచ్చాడు. మా మావయ్య పద్ధతి వేరండీ అని వచ్చేశాను.

సంత వెనక రేకుల షెడ్డులో పాత సైకిళ్ళమ్మే తాత ఒకాయన ఉన్నాడు. కళ్ళజోడుకి దారం కట్టుకుని ఉంటాడు. ఆయన దగ్గర ఐదు చూశాను. మొదటిదాని హ్యాండిలు ఎడమకి చూస్తుంది, చక్రం కుడికి చూస్తుంది, మొగుడూ పెళ్ళాలు అలిగినట్టు. రెండోది పెడలు పదిసార్లు తిప్పితే రెండుసార్లు జారింది. మూడోది పొట్టిది, ఆకుపచ్చది, ముందు బుట్ట ఉంది, అన్నీ బాగున్నాయి గానీ బెల్లు మోగదు. ఐదోదాని గురించి రాయడం దండగ, తాతే దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

నాలుగోది నల్లది, ఎత్తయినది, మధ్యలో కడ్డీ ఉన్నది. ముందు చక్రం ఒక్క తోపు తోసి కళ్ళు మూసుకున్నాను. శబ్దం లేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నూట పది దాకా తిరుగుతూనే ఉంది మావయ్యా! కానీ మడ్‌గార్డు మీద బొటనవేలంత గీత ఉంది.

అందుకని ఐదింటినీ పక్క బుట్టలో వేశాను. తాత బుర్ర గీరుకుని, 'అమ్మా, నువ్వు సైకిలు కొనడానికి వచ్చావా, కొనకుండా ఉండటానికి వచ్చావా?' అన్నాడు.

నీ
పేచీ

*

ముందుగది,
మార్చి 13

పేచీ!

నూట పదా? నూట పదేనా? ఇంకోసారి సరిగ్గా లెక్కపెట్టు, వద్దు, ఆలోగా ఎవడైనా ఎత్తుకుపోతాడు. మడ్‌గార్డు మీద గీత ఉందని ఆ బండిని వదిలేసి వచ్చావా? నా కొట్టులోకి వచ్చిన సైకిళ్ళలో తొంభై దాటినవి నాలుగే నాలుగు. ఆ నాలుగింటి ముఖాలూ నాకు ఇప్పటికీ గుర్తే.

ఈ ఉత్తరం అందగానే వెళ్ళి ఆ నల్లదాన్ని కొనెయ్యి. నా మాట మీద కొను. నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపిస్తుంటే వంటింట్లోంచి 'అమ్మాయికి కాళ్ళు అందుతాయా?' అని ఏదో అడ్డుప్రశ్న వేసింది. పట్టించుకోకు. ఆవిడకి చక్రాల హబ్బుల గురించి ఏం తెలుసు?

మావయ్య

*

రొట్టెల దుకాణం మీది గది,
ఏప్రిల్ 2

మావయ్యకి,

నమస్కారాలు. నువ్వు చెప్పినట్టే నల్ల సైకిలు కొన్నాను. హబ్బులు బాగున్నాయి. చైనుకి నూనె వేశాను. రిమ్ములు తుడిచాను. బ్రేకులు బాగున్నాయి. కింద రొట్టెల దుకాణం వాళ్ళు కూడా చూసి బాగుందన్నారు. పెరట్లో రేకు కింద పెట్టుకోనిచ్చారు.

అంతా బాగానే ఉంది. ఫ్యాక్టరీలో పని ఎక్కువగా ఉంది, అందుకే క్లుప్తంగా రాస్తున్నాను. అత్తయ్యని అడిగానని చెప్పు.

ఇట్లు,
మేనకోడలు

*

ముందుగది,
ఏప్రిల్ 16

చిరంజీవి పేచీకి,

నీ ఉత్తరం తంతి కొట్టినట్టుందేమిటి? పేచీ అని సంతకం కూడా పెట్టలేదు. పైవాళ్ళతో ఏమైనా గొడవా? నల్లది ఎలా ఉంది? ఎత్తు ఎక్కేటప్పుడు చైను ఏమైనా అంటోందా? పెద్ద వంతెన దిగేటప్పుడు బ్రేకు రబ్బర్లు ఎంత అరిగాయి? గోటితో గీసి చూసి రాయి. ఇప్పుడూ నూట పది తిరుగుతోందా? నాకైతే దాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలని ఉంది.

మావయ్య

అమ్మాయ్, ఇక్కడినుంచి రాసేది అత్తయ్యని. కవరు అంటించమని నా చేతికిచ్చి మీ మావయ్య గ్రీజు డబ్బా కోసం బజారుకెళ్ళాడు.

నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. హబ్బు ఉంది, చైను ఉంది, బ్రేకు ఉంది, బెల్లు ఉంది. సీటు గురించి ఒక్క ముక్క లేదు. సైకిలు తొక్కేవాళ్ళెవరైనా ముందు మాట్లాడేది సీటు గురించే. కొత్తగా ఎక్కినవాళ్ళని వారం రోజులు కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు. నేను పదేళ్ళు బడికి సైకిలు మీదే వెళ్ళి పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలుసు.

నీకు తొక్కడం రాదు కదూ? సిగ్గుపడకు. సీటు ఊసెత్తకుండా సైకిళ్ళ గురించి గంటలకొద్దీ మాట్లాడే మనిషిని ఇంకొకర్ని ఎరుగుదును. ముప్ఫై మూడేళ్ళుగా ఆయనకి వండి పెడుతున్నాను.

అదుగో, చెప్పుల చప్పుడు. ఉంటా.

*

రొట్టెల దుకాణం మీది గది,
ఏప్రిల్ 22

అత్తయ్యా, మావయ్యా,

ఈ ఉత్తరం ఇద్దరికీ. అత్తయ్య గుట్టుగా రాసినా నేను దాచలేను. నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

అవును. నాకు తొక్కడం రాదు. చిన్నప్పుడు నాన్న బండి వెనక కూర్చోవడమే తెలుసు. తమ్ముడు నేర్చుకుంటుంటే చెప్పులు పట్టుకుని నిలబడ్డాను. కొన్నాక అదే వస్తుందిలే అనుకున్నాను. ఎలా వస్తుందో మాత్రం ఆలోచించలేదు. ఐదు సైకిళ్ళకి వంకలు పెట్టింది కూడా అందుకే. ఆకుపచ్చదాన్ని బెల్లు మోగలేదని వద్దనుకున్నాను చూడండి, బెల్లు మోగకపోతే నోటితో 'తప్పుకోండి' అనలేనా?

నల్లదాన్ని తెచ్చిన రోజు గోడ పట్టుకుని ఎక్కాను. కాళ్ళు గాల్లోనే ఉన్నాయి. సీటు కిందికి దించుదామంటే అప్పటికే అడుక్కి దిగి ఉంది. అందరికీ ఇలాగే ఉంటుంది కాబోలు, అలవాటైతే పోతుంది కాబోలు అనుకున్నాను. కింద దుకాణం వాళ్ళంతా చూస్తున్నారని మర్నాడు దాన్ని నడిపించుకుంటూ పనికి బయల్దేరాను. మలుపు తిరిగాక ఎక్కుదామనుకున్నాను. మలుపులన్నీ అయిపోయాయి, ఎక్కలేదు. నడక వంతెన మెట్ల మీదకి అది రాదు కాబట్టి పెద్ద వంతెన చుట్టూ తిప్పుకుంటూ వెళ్ళాను. రెండు రోజులు ఎలాగో అందుకున్నాను. మూడో రోజు ఆరూ నాలుగు అయింది. గేటమ్మ నన్నూ సైకిల్నీ ఎగాదిగా చూసి, 'ఏమ్మా, దానికి కాళ్ళ నొప్పులా?' అంటూనే ఎర్ర గీత కొట్టింది.

ఇప్పటికి రెండు. ఇంకొక్కటి పడితే నా కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చుంటారు. ఆ రోజునుంచి సైకిలు పెరట్లోనే ఉంది, నేను మళ్ళీ నడక వంతెన మీద నడుస్తున్నాను. దాన్ని పడగొట్టడానికి ఇంక నలభై రోజులే ఉన్నాయి.

మావయ్యా, నీ ఉత్తరం కింద అత్తయ్య నీ సంగతి కూడా రాసింది, నిజమేనా? సైకిల్ని నడిపించుకుంటూ వెళ్ళే నిన్ను చూసి ఎంత నిజాయితీపరుడో మా మావయ్య అని బడిలో వ్యాసం కూడా రాశాను నేను!

మీ
పేచీ

*

ముందుగది,
ఏప్రిల్ 29

పేచీ,

మీ అత్తయ్యతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు తప్పలేదు, నా కళ్ళజోడు ఎక్కడుందో ఆవిడకే తెలుసు.

నిజమే. నాకు సైకిలు తొక్కడం రాదు.

పదకొండేళ్ళప్పుడు ఒక్కసారి ఎక్కాను. నేను పని నేర్చుకుంటున్న కొట్టు ఎదురింట్లో గుమ్మం ముందు అప్పుడే సిమెంటు చేశారు. సరాసరి వెళ్ళి అందులో పడ్డాను. నా రెండు మోకాళ్ళూ, రెండు అరచేతులూ అక్కడ అచ్చు పడ్డాయి. ఆ వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ అచ్చులు ఇప్పటికీ ఉన్నాయి, వానాకాలం నీళ్ళు నిలుస్తాయి. మళ్ళీ ఎక్కలేదు. ఎక్కకుండానే రోగం కనిపెట్టాలి కదా, అందుకని వినడం నేర్చుకున్నాను. నేను ఎక్కడం లేదని జనం గమనించి అదేదో నియమమనుకున్నారు. నేను అబద్ధం చెప్పలేదు. కాదనలేదు, అంతే.

మీ అత్తయ్య ఒక్కతే కనిపెట్టింది. ఆవిడ సైకిలుకి బ్రేకు రాసుకుంటుంటే నాలుగుసార్లు తెచ్చింది. నాలుగోసారి 'ఒక్కసారి మీరే తొక్కి చూడండి' అంది. నేను నీళ్ళు నమిలాను. ఆవిడ కళ్ళలోకి చూసి నవ్వింది గానీ ఎవరికీ చెప్పలేదు. పెళ్ళి అలా కుదిరింది.

అదంతా పోనీ. నీ విషయంలో నేను చేసింది తప్పు. నువ్వు నా భుజం దాకా కూడా రావని నాకు తెలియదా? కానీ నూట పది అన్నాక నాకింక నువ్వు కనపడలేదు, ఆ చక్రమే కనపడింది. ఇన్నేళ్ళలో సైకిల్ని చూశాను గానీ దాని మీద కూర్చునే మనిషిని చూడలేదు. ఆ బండి నీకోసం కాదు, నాకోసం ఎంచాను. నీ ఉద్యోగం మీదకి తెచ్చాను. రెండు రోజులుగా సరిగ్గా తినలేదు, మీ అత్తయ్యని అడుగు.

వెళ్ళి ఆ ఆకుపచ్చదాన్ని తెచ్చుకో. బెల్లు మూత విప్పి, లోపలి చిన్న పళ్ళచక్రం మీద చుక్క నూనె వెయ్యి, మోగుతుంది. మోగకపోతే నన్ను అడుగు. తొక్కడం ఎలాగో మాత్రం నన్ను అడక్కు.

నీ తెలివితక్కువ
మావయ్య

*

రొట్టెల దుకాణం మీది గది,
మే 12

మావయ్యా,

ముందు నువ్వు కడుపునిండా తిను. నా మీద ఒట్టు. నీ మీద నాకు కోపం లేదు, నిజం చెప్పాలంటే నువ్వు ఇంత దగ్గరివాడివని నాకు ఇప్పుడే తెలిసింది.

బెల్లు మోగింది! చుక్క నూనెకే! పాత సైకిళ్ళ తాత ఆకుపచ్చదాన్ని ఇస్తూ, 'దీనికి వంక పెట్టి వెళ్ళినరోజే అనుకున్నాను, మళ్ళీ దీనికోసమే వస్తావని' అన్నాడు. ఇది ఎక్కితే రెండు పాదాలూ నేలకి ఆనాయి. ఆ హాయి చెప్పలేను.

ఇక నేర్పుతున్నది ఎవరనుకున్నావు? గేటమ్మ! సైకిలు నడిపించుకుంటూ వచ్చిన మనిషి ఉన్నట్టుండి మానేసిందేమా అని తనే పిలిచి అడిగింది. చెప్పేశాను. 'గీత గీయకుండా ఉండటం నా చేతుల్లో లేదు, నా దగ్గర ఎర్ర సిరా తప్ప ఇంకో రంగు లేదు. సీటు పట్టుకోవడం మాత్రం నా చేతుల్లో ఉంది' అంది. సాయంత్రం షిఫ్టు వదిలాక లారీలు నిలిపే ఆవరణలో గంటసేపు. చేతిలో సీటు, నోట్లో విజిలు. వంకరపోతే ఊదుతుంది. మొదటిరోజు ఆ విజిలుకి లారీ డ్రైవర్లు బళ్ళు ఆపేశారు. నాలుగోరోజున పది గజాలు, ఆరోరోజున ఆవరణ ఈ చివర్నుంచి ఆ చివరకి. ఎక్కడం వచ్చింది, తొక్కడం వచ్చింది. ఆపడం ఇంకా రాలేదు. ప్రస్తుతం బస్తాల గుట్ట మీదకి పోనిచ్చి ఆపుతున్నాను.

ఇంకో మాట. నల్లదాన్ని తాత తిరిగి తీసుకుంటానన్నాడు. ఇవ్వలేదు. గోనెసంచులు చుట్టి మీ ఊరి లారీలో వేశాను. నువ్వు మనసు పారేసుకున్నది నీ దగ్గరే ఉండాలి. అయితే ఊరికే కాదు. నేను నేర్చుకుంటే నువ్వూ నేర్చుకోవాలి. అత్తయ్య సాక్షి.

పేచీ

*

ముందుగది,
మే 24

పేచీ,

వచ్చింది. గోనెసంచులు ఒక్కొక్కటే విప్పాను. స్టాండు వేసి ఒక్క తోపు తోశాను. నా లెక్కకి నూట పద్నాలుగు. మీ అత్తయ్య కాఫీ పట్టుకొచ్చి నిలబడి, అది చల్లారేదాకా నాతోపాటు చూసింది.

కానీ ఎక్కడం నా వల్ల కాదమ్మా. అరవై రెండేళ్ళు. ఈ వీధిలో నా పరువు ఏమవుతుంది? ఎదురు దర్జీ 'ఎవరిదయ్యా, ఎంత ముచ్చటగా ఉంది!' అని అడిగాడు. కస్టమరుదన్నాను. నా జన్మలో ఆడిన మొదటి అబద్ధం అదే. మీ అత్తయ్య లోపల్నుంచి విని దగ్గింది.

నా సంగతి వదిలెయ్. జూన్ ఒకటి వచ్చేస్తోంది. దారిలో చైను ఊడితే కంగారుపడకు. వెనక్కి తొక్కకు. దిగి, వెనక చక్రం పైకెత్తి, కింది పళ్ళకి చైను తగిలించి, పెడలు చేత్తో నెమ్మదిగా ముందుకి తిప్పు. దానంతటదే ఎక్కుతుంది. మూడుసార్లు చదివి కంఠతా పట్టు.

మావయ్య

*

రొట్టెల దుకాణం మీది గది,
జూన్ 1, సాయంత్రం

అత్తయ్యా, ముందు నీకు. సీటు రాయిలా ఉంది! ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను.

ఇక మావయ్యా, నువ్వు విను. పొద్దున్న ఐదింటికే బయల్దేరాను. కింద రొట్టెల వాళ్ళు పొయ్యి దగ్గర పని ఆపి గుమ్మంలోకొచ్చి చూశారు. సన్నగా వాన. నేను, రోడ్డు, పాలబండ్లు. భయంతో మొదటి మైలు హ్యాండిలు ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వేళ్ళు తెల్లబడ్డాయి. తర్వాత, ఎప్పుడో తెలియదు, భయం పోయింది. పాట పాడుతున్నానని పక్కనుంచి వెళ్ళే పాలాయన నవ్వితే తెలిసింది.

పెద్ద వంతెన ఎత్తు సగంలో టక్కుమంది. చైను ఊడింది. గడియారం చూస్తే ఐదూ ముప్ఫై ఒకటి. కింద కూర్చుని నీ ఉత్తరం పైకే అప్పజెప్పాను, 'కంగారుపడకు, వెనక్కి తొక్కకు' అని. వానలో నా వేళ్ళు జారాయి. నాలుగుసార్లు తగిలించాను, నాలుగుసార్లూ జారిపోయింది. ఐదూ నలభై. ఏడుపొచ్చింది. నా కుర్చీ కళ్ళముందు కనపడింది మావయ్యా. అప్పుడు మా గదిలో అలవాటు గుర్తొచ్చింది, పదిసార్లు చూడనిదే దేన్నీ బుట్టలో వెయ్యం. ఐదోసారి తగిలించాను. పట్టింది! పెడలు నెమ్మదిగా తిప్పితే నువ్వన్నట్టే దానంతటదే పళ్ళ మీదకి ఎక్కింది.

వంతెన మీదనుంచి దిగుడులో నేను తొక్కనేలేదు, అదే తీసుకెళ్ళింది. గోడౌన్ల సందులోకి తిరిగేసరికి గేటు కనపడింది. గేటమ్మ లేచి నిలబడి ఉంది, ఒక చేత్తో రిజిస్టరు, రెండో చేత్తో పెన్ను. ఇక్కడ బస్తాలు లేవని అప్పుడు గుర్తొచ్చింది! బెల్లు కొడుతూ 'తప్పుకోండి' అని అరుస్తూ సరాసరి ఆవిడ మీదకే వెళ్ళాను. రిజిస్టరు చంకలో పెట్టుకుని రెండు చేతులతో హ్యాండిలు పట్టి ఆపింది. ఇద్దరం పడలేదు. ఎలా పడలేదో ఇద్దరికీ తెలియదు.

నేను ఆయాసపడుతూ నిలబడ్డాను. ఆవిడ గడియారం చూసి, తాపీగా రిజిస్టరు తెరిచి, 'ఐదూ యాభై ఎనిమిది' అని రాసింది. నీలం సిరాతో. ఎర్రది తప్ప లేదన్నారుగా అన్నాను. 'నిన్న కొన్నాను' అంది.

చేతులు నల్లగా, బట్టలు తడిగా, జుట్టు పిచ్చిగా నా కుర్చీలో కూర్చుని మొదటి తాళం చేతిలోకి తీసుకున్నాను. పదికి పదిసార్లూ తెరుచుకుంది.

పేచీ

*

తాళాల ఫ్యాక్టరీ, పరీక్ష గది,
జులై 31

మావయ్యా,

మధ్యాహ్నం విరామంలో రెండు ముక్కలు. కాగితం ఇచ్చారు. పర్మనెంటు. కుర్చీ వెనక నా పేరు చీటీ కూడా అంటించారు, కొంచెం వంకరగా. నేనేం వంక పెట్టలేదు.

గేటమ్మ విజిలు ఊదింది.

ఇక నీ వంతు. ఒప్పందం మర్చిపోయానని అనుకోకు.

పేచీ

*

పోస్టాఫీసు బల్ల మీదనుంచి,
ఆగస్టు 20

పేచీ,

కాగితం పైన రాసింది సరిగ్గానే చదివావు. పోస్టాఫీసులోనే నిలబడి, దారంతో కట్టేసిన వాళ్ళ పెన్నుతో రాస్తున్నాను. అక్షరాలు వణికితే పెన్నుది తప్పు కాదు.

నీ కుర్చీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. మర్నాడు పొద్దున్నే నల్లదాన్ని స్టాండు తీసి వీధిలో పెట్టి, వెనక సీటు పట్టుకుని నిలబడింది. ఎంతసేపు నిలబడతావన్నాను. ముప్ఫై మూడేళ్ళు నిలబడ్డాను, ఇంకాసేపు ఎంత అంది. పిల్లలు రాకముందు ఖాళీగా ఉండే బడి మైదానానికి తీసుకెళ్ళింది. పన్నెండు రోజులు. ఎన్నిసార్లు పడ్డానో ఆవిడకి తెలుసు, నీకు చెప్పొద్దన్నాను. కానీ ఈసారి కింద సిమెంటు లేదు, చుట్టూ నవ్వేవాళ్ళూ లేరు. మీ అత్తయ్య నవ్వింది, అది లెక్కలోకి రాదు.

ఇవాళ ఒక్కణ్ణే కొట్టు ముందునుంచి బయల్దేరాను. వీధి వీధంతా ముక్కు మీద వేలేసుకుంది. దర్జీ కత్తెర పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చాడు, 'ఏమయ్యా, నీకేమొచ్చింది? ఇన్నేళ్ళ నియమం ఏమైంది? పరాయివాళ్ళ బండి ఎక్కావేమిటి? ఎవరిదది?' అని పక్కనే పరిగెడుతూ అడిగాడు.

ఆపడం నాకూ ఇంకా సరిగ్గా రాదు. అందుకని ఆగకుండానే చెప్పాను.

'నాది' అన్నాను.

జీవితంలో కొన్ని వేల సైకిళ్ళు ఈ చేతుల మీదుగా వెళ్ళాయి పేచీ. ఆ మాట ఒక్కదాని గురించీ అనలేదు. అన్నాక పోస్టాఫీసు దాకా నాకు దారి సరిగ్గా కనపడలేదు, కళ్ళు తుడుచుకుందామంటే హ్యాండిలు వదలడం ఇంకా నేర్చుకోలేదు.

ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికి వెళ్ళాలి. మళ్ళీ ఎక్కాలి.

సీటు చాలా గట్టిగా ఉంది.

నీ
మావయ్య